మెకార్మాక్ రికార్డులు విని ఊపిరి పొదుపు నేర్చుకోవడం

నా దగ్గరికి నాటక పద్యం పాడటం నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లే. పిల్లలు స్థిరపడ్డారు, ఉద్యోగం అయిపోయింది లేదా అయిపోవస్తోంది. కాలేజీ రోజుల్లో పాడిన గొంతు మళ్లీ కావాలనిపిస్తుంది. విశాఖ మహారాణిపేటలో మా మేడమీద గదిలో కూర్చోగానే అందరూ హార్మోనియం వైపే చూస్తారు. నేను హార్మోనియం తియ్యను. ఫోన్లో జాన్ మెకార్మాక్ అనే పాతకాలపు ఐరిష్ గాయకుడి పాట పెడతాను.

"మాకు ఆ భాష రాదు కదా మాస్టారూ" అంటారు. రాదు కాబట్టే పెడతాను. మాట అర్థమైతే మనసు భావం వెంట పోతుంది, ఊపిరి ఎక్కడ తీశారో ఎవరూ గమనించరు.

మెకార్మాక్‌ది ఐర్లాండ్‌లో ఆత్లోన్ పట్టణం. 1884లో పుట్టారు. ఆయనది టెనర్ గొంతు. టెనర్ అంటే మగగొంతుల్లో పై స్థాయిలో పలికే గొంతు, మన నాటకాల్లో కృష్ణుడి వేషానికి వెతుక్కునేలాంటిది. 1903లో డబ్లిన్ సంగీత పోటీల్లో బంగారు పతకం వచ్చింది. 1905లో ఇటలీలోని మిలన్ వెళ్లి సబాతీని అనే గురువు దగ్గర చేరారు. ఈ గొంతు పుట్టుకతోనే సరిగ్గా కుదిరింది, దిద్దడానికేమీ లేదని ఆ గురువు కనిపెట్టి, పాఠమంతా ఊపిరి మీదే నడిపించారు. 1907లో లండన్ కొవెంట్ గార్డెన్ నాటకశాల‌లో పాడేనాటికి శిష్యుడికి ఇరవై మూడేళ్లు. గొంతుని ముట్టుకోకుండా ఊపిరిని మాత్రమే సానబట్టిన ఆ గురువంటే నాకు మహా గౌరవం.

నాకు ఈయన పరిచయమైంది పోర్టులో గుమాస్తాగా పనిచేస్తున్నప్పుడు. రిటైరవుతున్న ఒక పెద్దాయన తన దగ్గరున్న రెండు పాత లక్క గ్రామఫోను రికార్డులు నా చేతిలో పెట్టి, "పద్యాలు పాడతావు కదా, ఇతన్ని విను" అన్నారు. ఇప్పుడు మీకు ఆ తిప్పలు లేవు, యూట్యూబ్‌లో పేరు కొడితే దొరుకుతాయి.

మొదట 1916లో రికార్డు చేసినది వినండి. మొజార్ట్ ఆపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, డాన్ జొవానీలోని ఇల్ మియో తెసోరో అనే పాట. ఆ రోజుల్లో మైకు లేదు. గాయకుడు ఒక పెద్ద బాకా ముందు నిలబడి పాడితే, ఆ శబ్దం అదురే నేరుగా మైనం మీద గీత గీసేది. తర్వాత సరిదిద్దే వీలు లేదు. ఒక కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఆయన ఊపిరి తీశారని అనిపించిన ప్రతిసారీ ఒక నిలువు గీత గీయండి. స్పీకర్లో కాదు, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వినండి, లేకపోతే ఊపిరి చప్పుడు దొరకదు. ఒకసారి చాలదు, మూడుసార్లు వినాలి.

మధ్యలో ఒకచోట స్వరాలు గొలుసులా సాగిపోతాయి. చాలామంది గాయకులు అక్కడ ఒకసారి ఆగి గాలి తీసుకుంటారు. ఈయన తీసుకోరు. కిందటేడు చేరిన ఒకావిడ, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, పెన్సిల్ గాల్లో పట్టుకుని గీత కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ముఖం ఎర్రబడింది. చివరికి ఆవిడే "హమ్మయ్య" అని గట్టిగా ఊపిరి వదిలేశారు. పాట ఇంకా సాగుతూనే ఉంది.

"అమ్మా, ఆయన పాడుతుంటే మీరెందుకు బిగబట్టారు?"

"తెలీలేదు మాస్టారూ. ఆయన తీసుకుంటే నేనూ తీసుకుందామనుకున్నాను."

ఆ రోజుకి ఆవిడ పాఠం అయిపోయిందన్నాను.

మర్నాడు పద్యం. యతి అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం మీద. చంపకమాలకి 21, యతి పదకొండు. శార్దూలానికి 19, యతి పదమూడు. మత్తేభానికి 20, యతి పద్నాలుగు. మీ పద్యాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, యతి దగ్గర చుక్క పెట్టండి. తర్వాత మాట ఎక్కడ ముగుస్తుందో అక్కడ గీత పెట్టండి. చుక్కా గీతా చాలాసార్లు ఒకచోట పడవు, తెలుగు పద్యం తీరే అంత. సమాసం యతిని దాటి పోతుంది, ఒక్కోసారి పాదాన్ని కూడా దాటి పోతుంది. చుక్క దగ్గర గాలి తీసుకుంటే "కమలన" అని ఆగి "యనుడు" అని ఎత్తుకుంటారు. వినేవాడికి ఆ దేవుడు కమలాన పోయాడో ఎటుపోయాడో తెలియదు. ఊపిరి ఎప్పుడూ గీత దగ్గరే. ఒక గీత నుంచి రెండో గీత దాకా మీ గాలి చాలకపోతే రాగం తగ్గించండి గాని మాటని విరవొద్దు. ఆలాపన అక్షరం మీద కాదు, మాట అయ్యాక. ఈ విషయంలో నేను మొండివాణ్ణి. ఎంత గొప్ప రాగమైనా మాటని చంపితే నాకొద్దు.

గాలి పెంచుకునే సాధన చాపమీద. వెల్లకిలా పడుకుని, పొట్టమీద ఒక లావుపాటి పుస్తకం పెట్టుకోండి. ముక్కుతో గాలి తీస్తే పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. తర్వాత పళ్ల మధ్యనుంచి సన్నగా "స్‌స్‌స్" అంటూ వదలండి. పుస్తకం దిగడం కూడా నిదానంగా, ఒకే తీరున ఉండాలి. గడియారం చూసుకుంటే మొదటివారం పది పన్నెండు సెకన్లు వస్తుంది. రోజుకి ఐదుసార్లు చాలు. తల తిరిగితే వెంటనే ఆపండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి. మే నెలలో మన ఊరి ఉక్కపోతకి పగలు ఏ సాధనా కుదరదు. తెల్లారి ఐదున్నరకి లేవండి. బీచ్ రోడ్డులో నడవండి గాని అక్కడ పాడొద్దు. ఎదురుగాలిలో గొంతు తెలియకుండానే హెచ్చుతుంది.

ఇప్పుడు శ్రుతి సంగతి, అంటే పాటకి ఆధారంగా పట్టుకునే స్వరం ఎంత ఎత్తున ఉండాలన్నది. నా అసలు బాధ ఇదే. నేను ముప్పై ఏళ్లపాటు నాలుగు శ్రుతిలో పాడాను. యాభై ఒకటో ఏట అనకాపల్లి దగ్గర ఒక పల్లెలో రాత్రి నాటకం. మూడో పద్యం ఎత్తుగడలో తారస్థాయి షడ్జం, అంటే పై "స", అందలేదు. గొంతులోంచి గాలి వచ్చింది, నాదం రాలేదు. జనం ఏమీ అనలేదు, ఆ నిశ్శబ్దమే నన్ను నేలలోకి కుంగదీసింది. డాక్టరు మూడు వారాలు మాట్లాడొద్దన్నారు. పలక పట్టుకుని ఇంట్లో తిరిగాను. ఆ మూడు వారాల్లోనే మెకార్మాక్ రికార్డులన్నీ వరసగా విన్నాను, మొదటినుంచి చివరిదాకా.

మీరూ అలాగే వినండి. ఆయన మొదటి రికార్డు 1904ది, చివరివి 1942వి. ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు యాభై ఎనిమిదేళ్లదాకా ఎలా మారిందో మన ఎదుటే ఉంది. 1910 ప్రాంతానిది ఒకటి, 1930 ప్రాంతానిది ఒకటి, 1940 తర్వాతది ఒకటి తీసుకోండి. మొదటిదానిలో పైస్వరం మీద ఎంతసేపు నిలుస్తారో చూడండి. చివరిదానిలో అక్కడికి వెళ్లరు, వెళ్లే పాటలు ఎంచుకోరు. తనకి నటన రాదని ఒప్పుకున్న మనిషి ఆయన. 1923 తర్వాత ఆపెరా వేదిక వదిలేసి కచేరీలే పాడుకున్నారు. చివరి రోజుల్లో జెరాల్డ్ మూర్ పియానో వాయిస్తుంటే, దాదాపు పక్కన కూర్చున్న మనిషితో చెబుతున్నట్టు పాడారు. నేను నాలుగు నుంచి రెండున్నరకి దిగింది అవి విన్నాకే. దిగాక మళ్లీ పద్యం పలికింది.

మీ శ్రుతి తేల్చుకోవాలంటే, పద్యంలో అన్నిటికంటే పైనున్న స్వరం మీద "ఆ" అని ఐదు సెకన్లు, గడ్డం ఎత్తకుండా నిలవండి. గడ్డం లేచిందంటే అర శ్రుతి దించండి. బొంగురు మూడు వారాలు దాటితే సాధన కాదు, చెవి ముక్కు గొంతు డాక్టరు కావాలి.

ఏటా ఉగాదినాడు ఒకే పద్యాన్ని ఫోన్లో రికార్డు చేసుకోండి. అదే గది, ఫ్యాను ఆపి, ఫోను మూరెడు దూరంలో. బాగా రాలేదని తీసెయ్యొద్దు. నా దగ్గర పదమూడు ఉన్నాయి.

మెకార్మాక్ 1938లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వీడ్కోలు కచేరీ ఇచ్చారు. మరుసటేడు యుద్ధం వచ్చింది. రెడ్ క్రాస్ కోసం మళ్లీ పాడటానికి లేచారు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఇక పాడలేని స్థితి వచ్చేదాకా పాడారు. 1945 సెప్టెంబరులో డబ్లిన్ దగ్గర పోయారు. అంత ఊపిరి ఉన్న మనిషిని ఊపిరే విడిచిపెట్టింది, తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె పట్టేస్తుంది.

పాఠాలు ముగిసే రోజున ఆ చివరి ఏళ్ల పాట ఒకటి పెట్టి, మళ్లీ పెన్సిల్ ఇస్తాను. 1916 కాగితం పక్కన పెట్టి చూస్తే ఈసారి గీతలు చాలా దగ్గరదగ్గరగా పడతాయి. బ్యాంకులో పనిచేసిన ఆవిడ రెండు కాగితాలూ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. "గీతలు పెరిగాయి గాని మాస్టారూ, ఒక్కటీ మాట మధ్యలో పడినట్టు లేదు" అన్నారు.