పాత కార్వెట్ డిజిటల్ మీటర్ చీకటైపోతే: నా అనుభవం

1984–89 మధ్య వచ్చిన సీ4 (నాలుగో తరం) షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారులో స్పీడు, ఇంధనం చూపే మీటర్ ఎల్‌సీడీ తెర. దానికి సొంత వెలుగు లేదు, వెనకున్న హాలోజన్ బల్బులదే. అందుకే మీటర్ చీకటైతే ముందు టార్చ్‌ను ఏటవాలుగా వేసి చూడండి. అంకెలు లీలగా కనబడితే ఎల్‌సీడీ బతికే ఉంది, లోపం బల్బుల్లోనో వాటి హోల్డర్లలోనో ఉంటుంది. అసలేమీ కనబడకపోతే ఫ్యూజు, ఎర్త్ చూసి, ఆ తర్వాతే మీటర్ విప్పండి.

విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి.

బండి వేడెక్కాక అంకెలు పోయి, చల్లారాక తిరిగొస్తుంటే నా అనుమానం ముందు మీటర్ సర్క్యూట్ బోర్డు మీది టంకం (సోల్డర్) అతుకుల మీదికే పోతుంది. భూతద్దంతో చూస్తే పిన్ను చుట్టూ సన్నటి నల్లటి వలయం కనిపిస్తుంది, అదే పగులు. పాత టంకం పీల్చేసి, ఫ్లక్స్ (టంకం బాగా అంటుకునేలా చేసే పదార్థం) రాసి, 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60/40 తగరం-సీసం టంకంతో కొత్తగా వెయ్యండి. పాతదాని మీదే ఇంకాస్త పూస్తే పగులు మళ్లీ వస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా మార్చెయ్యండి: అదే మైక్రోఫారడ్, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం.

తెర మీద గోధుమరంగు మచ్చలుంటే బల్బు వేడికి పోలరైజర్ ఫిల్మ్ (ఎల్‌సీడీ గాజుకు అతికించిన, వెలుగును వడకట్టే పలుచటి పొర) మాడినట్టు. బ్లేడుతో అంచు లేపి మెల్లగా ఒలిచి, జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గాజు పగిలితే ఇక అంతే, తొందరపడొద్దు. కొత్త ఫిల్మ్ అతికించే ముందు మీటర్ వెలిగించి, ఫిల్మ్‌ను అడ్డుపెట్టి తిప్పి చూడండి. 90 డిగ్రీలు తేడా వస్తే అంకెలు నల్లగా, వెనక భాగం వెలుగుగా తిరగబడతాయి.