రిజిస్ట్రేషన్ ఫారం దగ్గరే జనం వెనక్కి పోతున్నారా? సమస్య - పరిష్కారం

ప్లాట్లు అమ్మే వెంచర్ వెబ్‌సైట్లలో ఇది మామూలే. పేజీ తెరవగానే పేరు, ఫోన్, ఈమెయిల్ నింపమంటుంది, నింపితే గానీ లోపలికి పోనివ్వదు. ఓనర్‌కి లీడ్స్, అంటే కొనే ఆసక్తి ఉన్నవాళ్ల వివరాలు, కావాలి, కాదనలేం. కానీ ఆ ఫారం సరిగ్గా పనిచేయకపోతే నింద డిజైన్ మీదికే పోతుంది. రంగులు మార్చే ముందు, మీ సైట్‌ది కింది వాటిలో ఏ సమస్యో చూసుకోండి.

నంబర్లు వస్తున్నాయి, సగం దొంగవే

లిస్టులో 9999999999, 9876543210 లాంటివి కనిపిస్తుంటే తప్పు ఫారం నింపినవాళ్లది కాదు. మీ దగ్గర ఏముందో వాళ్లకింకా తెలియదు. నంబర్ ఇస్తే సాయంత్రంలోపు టెలికాలర్ ఫోన్ చేస్తారని మాత్రం బాగా తెలుసు. ఓటీపీ పెడితే దొంగ నంబర్లు ఆగుతాయి, వాటితోపాటు కొనేవాళ్లూ ఆగిపోతారు.

లేఅవుట్ మ్యాప్, ఫొటోలు, గజం ధర ఎంత నుంచి మొదలో అందరికీ కనిపించనివ్వండి. నంబర్ అడగాల్సింది సైట్ విజిట్‌కి కారు పంపమన్న చోట. ఫోన్ రావాలని వాళ్లే కోరుకుంటారు కాబట్టి అక్కడ దొంగ నంబర్ ఇవ్వరు. ఈ మాట ఓనర్‌ని ఒప్పించడమే అసలు కష్టం. మిగతావన్నీ డెవలపర్ చేతిలో పనులే.

పేరు రాస్తే ‘సరైన పేరు ఇవ్వండి’ అంటోంది

పేరు గడిలో ఇంగ్లిష్ అక్షరాలే తీసుకునేలా రాసి ఉంటారు. తెలుగు కూడా తీసుకోవాలని కొందరు యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ కంప్యూటర్ వాడే కోడ్ పట్టిక) ‘అక్షరం’ కేటగిరీని జోడిస్తారు. అప్పుడు ‘రమ’ అని రాస్తే ఒప్పుకుంటుంది, ‘రవి’ అంటే ఒప్పుకోదు! ‘వి’లోని గుడి యూనికోడ్ లెక్కలో అక్షరం కాదు, ‘మార్క్’. గుణింతాలూ, పొల్లూ, సున్నా కూడా అంతే. అందుకే అక్షరంతోపాటు మార్క్ కేటగిరీనీ, ఖాళీనీ, చుక్కనీ అనుమతించాలి. ‘లాస్ట్ నేమ్’ తప్పనిసరి గడి అయితే తీసేయండి. ఇంటిపేరు ముందు రాసేవాళ్లూ, ఇనీషియల్‌తో సరిపెట్టేవాళ్లూ అక్కడ ఏం రాయాలో తెలియక ఆగిపోతారు.

ఓటీపీ రావడం లేదు

మన దేశంలో ఎస్ఎంఎస్ హెడర్ (పంపినవాళ్ల పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) రెండూ టెలికాం కంపెనీలు నడిపే నమోదు వ్యవస్థ డీఎల్‌టీలో రిజిస్టర్ అయి ఉండాలి. ఎవరో మెసేజ్‌లో ఒక మాట మార్చి ఉంటారు. టెంప్లేట్‌తో పొసగదు కాబట్టి ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. మెసేజ్‌లు పంపే గేట్‌వే సర్వీస్‌లో ‘పంపాం’ అని ఉంటే నమ్మకండి, డెలివరీ రిపోర్ట్ తీయండి.

విదేశాల్లో ఉన్నవాళ్లది ఇంకో తంటా. అమెరికా నంబర్లకూ పది అంకెలే. డాలస్‌లో 214తో మొదలయ్యే నంబర్‌ని మన మొబైల్ నంబర్లు 2తో మొదలవవు కాబట్టి మీ ఫారం తిరస్కరిస్తుంది. అదే ఊళ్లో 972తో మొదలయ్యేదాన్ని మాత్రం మన నంబరే అనుకుని తీసుకుంటుంది, ఓటీపీ ఇక్కడ సంబంధం లేని ఎవరికో పోతుంది. దేశం కోడ్‌కి వేరే గడి పెట్టండి, ఈమెయిల్‌కి ఓటీపీ తెప్పించుకునే దారీ ఉంచండి.

ఒకసారి నింపినా మళ్లీ మళ్లీ అడుగుతోంది

ముందు అడ్రస్ బార్ చూడండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న అడ్రస్‌లో పెట్టిన కుకీ (ఫారం నింపారని బ్రౌజర్‌లో దాచే గుర్తు) డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని అడ్రస్‌లో కనిపించకపోవచ్చు. ఏదో ఒకదానికి మళ్లించేయండి. ఐఫోన్‌లోనే వస్తుంటే కుకీని జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్)తో పెట్టారేమో అడగండి. సఫారీ దాన్ని 7 రోజులకు మించి ఉంచదు, సర్వర్ నుంచి పెట్టాలి. కుకీ బాగానే ఉండి కూడా అడుగుతుంటే అది క్యాష్ (పేజీని త్వరగా ఇవ్వడానికి దాచుకునే కాపీ) పని. ఎవరికో చూపిన ఫారం పేజీనే దాచి అందరికీ ఇస్తోంది. ఆ కుకీ ఉన్నవాళ్లకు క్యాష్ పేజీ ఇవ్వకుండా సెట్ చేయాలి.

గూగుల్‌లో పేజీలు మాయమయ్యాయి

సెర్చ్ కోసం పేజీలు చదివే ప్రోగ్రామ్, గూగుల్ బాట్, ఫారం నింపదు. ప్రతి లింకూ ఫారానికే మళ్లిస్తే దానికి కనిపించేది ఆ ఒక్క ఫారమే. పైగా మొబైల్‌లో పేజీని కప్పేసే పాప్-అప్‌లను 2017 జనవరి నుంచి గూగుల్ ర్యాంకింగ్‌లో మైనస్‌గా చూస్తోంది. సెర్చ్ నుంచి వచ్చే పేజీలను తెరిచే ఉంచండి. బాట్‌కి అసలు పేజీ, మనుషులకు ఫారం చూపిద్దామని డెవలపర్ సలహా ఇస్తే వద్దనండి. దాన్ని గూగుల్ మోసంగా లెక్కేసి సైట్‌నే పక్కన పెట్టొచ్చు.