గొడుగులా నిలబడ్డ ఖడా దుపట్టా
ఈసారి మా బొమ్మల కొలువులో నిజాం కాలపు దేవిడీ (నవాబుల పెద్ద భవంతి) పెట్టాను. థర్మకోల్ కమాన్లు తేలిగ్గానే వచ్చాయి. టెన్షన్ అంతా 12 అంగుళాల పెళ్లికూతురి బొమ్మతోనే. హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతుళ్లు వేసుకునే పొడవాటి ఖడా దుపట్టా గొడుగులా విచ్చుకుంది!

అసలు దుపట్టా 6 గజాలు. బొమ్మ మనిషిలో ఆరో వంతు, ఆ లెక్కన 1 గజం. కొలత సరిగ్గానే ఉంది, బట్టే మందం. అది తీసేసి అమ్మ పాత షిఫాన్ చీర ముక్క వాడాను. తడిపి, కుచ్చిళ్లు పెట్టి, దారంతో చుట్టి రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున దారం విప్పితే కుచ్చిళ్లు ఒంటిని ఆనుకుని చక్కగా జారాయి. ఎంత సంతోషమో!

అంచు కూడా మార్చాను. 2 అంగుళాల జరీ ఆ బొమ్మకు అడుగు వెడల్పుతో సమానం. లాడ్ బజార్‌లో సన్నటి గోటా (మెరిసే అంచు పట్టీ) కొని, కొసలు పీచు లేవకుండా జిగురు రాసి అతికించాను.