ఫ్యాక్టరీ నీళ్లలో విషాన్ని ఉల్లి వేళ్లతో, వంగ పుప్పొడితో పరీక్షించే తీరు

పటాన్‌చెరు దిగువన నక్కవాగులోనో, హైదరాబాద్ దాటాక మూసీలోనో పట్టిన నీళ్లు మొక్క కణాల్ని ఏం చేస్తున్నాయో చూడాలంటే ఉల్లిగడ్డ కన్నా చవకైన సాధనం దొరకదు. దానికి 16 క్రోమోజోములే. పైగా పెద్దవి, మామూలు కాలేజీ మైక్రోస్కోపుకూ చిక్కుతాయి. కణ విభజనను ఆపేసే కోల్చిసిన్ అనే రసాయనం చేసే చెరుపును 1938లో లెవాన్ అనే శాస్త్రవేత్త ఉల్లి వేళ్లలోనే చూపించాడు.

ఒకే సైజు చిన్న గడ్డలు, ఒక్కో గాఢతకు 5 తీసుకోండి. మొలకెత్తకుండా రేడియేషన్ ఇచ్చినవి పనికిరావు. ఎండు పొరలు, పాత వేళ్లు తీసేయండి కానీ అడుగున వలయంలా ఉన్న వేరు మొగ్గల్ని గీకకండి. శాంపిల్ నీటిని 100, 50, 25, 12.5 శాతాలుగా పలచన చేయండి. మంచినీళ్ల సెట్ ఒకటి తప్పదు. కుళాయి నీళ్లయితే రాత్రంతా తెరిచి ఉంచి క్లోరిన్ పోనివ్వాలి. నీళ్లు బాగా పుల్లగా ఉంటే, అదే పీహెచ్‌కు ఆమ్లం కలిపిన మంచినీళ్లతో ఇంకో సెట్ పెట్టండి. లేకపోతే ఆమ్లం చేసిన పనిని నీళ్లలోని లోహాల మీదకి నెట్టేస్తాం.

మంచినీళ్లలో వేళ్లు 1–2 సెం.మీ. వచ్చాక శాంపిల్‌లోకి మార్చి 24 గంటలు ఉంచండి. అన్ని సెట్లలోనూ ఒకే వేళకు కొనలు కోయాలి, ఎందుకంటే కణ విభజన రోజంతా ఒకేలా ఉండదు. ఆల్కహాల్ 3 పాళ్లు, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 1 పాలు అప్పటికప్పుడు కలిపి కొనల్ని ఒక రోజు నానబెట్టి, 70 శాతం ఆల్కహాల్‌లో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తర్వాత 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు. తక్కువైతే కణాలు విడవవు, ఎక్కువైతే కొన ముద్దవుతుంది. 2 శాతం ఎసిటోకార్మిన్‌లో (క్రోమోజోములకు ఎర్రరంగు పట్టించే ద్రవం) ముదురుగా రంగు పట్టిన చివరి 1–2 మి.మీ. ముక్క మాత్రమే ఉంచుకోండి, దానిపైన విభజనలు దాదాపు ఉండవు. 45 శాతం ఎసిటిక్ ఆమ్లం చుక్కలో ఉంచి కవర్‌స్లిప్ వేసి, బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కండి. కవర్‌స్లిప్ పక్కకు జరిగితే కణాలు చుట్టుకుపోతాయి.

గడ్డకు 1000 కణాలు లెక్కించండి. ఏ స్లైడు ఏ నీటిదో లెక్కించేవారికి తెలియకూడదు. విభజన సూచిక అంటే నూటికి ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయన్నది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: సూచిక పెరిగిందంటే వేరు ఆరోగ్యంగా ఉందని కాదు. కండె, అంటే విభజనలో క్రోమోజోముల్ని రెండు వైపులకు లాగే పోగుల కట్ట, దెబ్బతింటే కణాలు మధ్యదశలోనే (క్రోమోజోములు నడుమ వరుసగా నిలిచే దశ) ఇరుక్కుని సూచిక పైకి పోతుంది. అందుకే దశల్ని విడివిడిగా రాసుకోండి. చలనదశలో (క్రోమోజోములు రెండు వైపులకు విడిపోయే దశ) ఆ రెండు వైపుల మధ్య సాగిన వంతెనలు, ముక్కలు కనిపిస్తే క్రోమోజోములు విరిగాయన్నమాట. వెనకబడ్డ క్రోమోజోములు ఎక్కువగా కండె లోపాన్ని సూచిస్తాయి. సూక్ష్మకేంద్రకాలు (అసలు కేంద్రకం పక్కన విడిగా మిగిలే చిన్న కేంద్రకాలు) విభజన పూర్తయ్యాకే కనబడతాయి కాబట్టి, వాటి కోసం కొన్ని గడ్డల్ని మరో 24 గంటలు మంచినీళ్లలో ఉంచాలి.

పుప్పొడికి అదే నీళ్లు పోసి పెంచిన కుండీ వంగ మొక్కలు మేలు. మొగ్గలో క్షయకరణ విభజన (పుప్పొడి తయారీలో క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన) పువ్వు విచ్చుకోవడానికి చాలా రోజుల ముందే జరిగిపోతుంది. నిన్న నీళ్లు పోసి ఇవాళ పువ్వు కోస్తే తేడా దొరకదు, మొగ్గ తొడగక ముందు నుంచే పోయాలి. విచ్చుకోబోయే మొగ్గ నుంచి కేసరాలు తీసి 1 శాతం ఎసిటోకార్మిన్‌లో నలిపి, పువ్వుకు 300 రేణువులు చూడండి. నిండుగా ఎర్రబడ్డవి ఫలవంతం, ముడుచుకుని పాలిపోయినవి వంధ్యం. అయితే చచ్చిన రేణువుకూ ఈ రంగు పడుతుంది. ప్రాణం ఉందో లేదో తేల్చాలంటే 100 మి.లీ. నీటిలో పంచదార 10 గ్రా., బోరిక్ ఆమ్లం 10, కాల్షియం నైట్రేట్ 30, మెగ్నీషియం సల్ఫేట్ 20, పొటాషియం నైట్రేట్ 10 మి.గ్రా. కలిపి తాజా పుప్పొడిని మొలకెత్తించండి. రేణువు నుంచి వచ్చే నాళం ఆ రేణువు వ్యాసం కన్నా పొడవుంటేనే మొలిచినట్టు లెక్క. మండుటెండలోనూ పుప్పొడి చెడుతుంది కాబట్టి మంచినీళ్ల కుండీలు అదే ఎండలో, పక్కనే ఉండాలి.