ఎండాకాలంలో బండి మొరాయిస్తే ఆయిల్ నంబరు మార్చాలా?

రోహిణి కార్తెలో హన్మకొండలో ఏ మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపినా ఒకటే మాట. "తమ్మీ, ఈ ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోద్దాం." ఈ మాట ఒక్కోసారి నిజమే. కానీ వేసవిలో బండికి వచ్చే తిప్పల్లో ఎక్కువ శాతం ఆయిల్ తగ్గడం వల్లో, పాతబడటం వల్లో వస్తాయి. నంబరు మార్చడం ఆఖర్న చేయాల్సిన పని.

ముందు ఆయిల్ డబ్బా మీద రాసి ఉండే ఆ నంబరు సంగతి. 10డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వెయిట్ అనుకుంటారు చాలామంది. అది వింటర్. 10డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజిన్ తిరుగుతుందా లేదా అని మైనస్ 25 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 20డబ్ల్యూ అయితే మైనస్ 15 దగ్గర. ఆదిలాబాద్ చలి కూడా ఆ దరిదాపులకు పోదు. ఎండాకాలం మనం చూసుకోవాల్సింది రెండో నంబరు. 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో అది చెబుతుంది. చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు.

గేర్లు గట్టిగా పడుతున్నాయి, న్యూట్రల్ దొరకడం లేదు

గత ఏడాది మేలో ఇద్దరం కలిసి పరకాల, రేగొండ మీదుగా భూపాలపల్లి వెళ్లొచ్చాం. నాది స్ప్లెండర్. తిరుగు దారిలో పరకాల దాటాక గేరు మార్చిన ప్రతిసారీ 'టక్'మని కొట్టింది. ఇంటి సందులో న్యూట్రల్ కోసం పది సార్లు తన్నాల్సి వచ్చింది. 10డబ్ల్యూ-30 ఈ ఎండకు చాలలేదని నేనూ అనుకున్నాను. పొద్దున ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే కొసకు మాత్రం తడి ఉంది.

మన గేర్ల బండ్లలో ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ క్లచ్‌కూ ఒకటే ఆయిల్. దాని చిక్కదనాన్ని నిలబెట్టే పాలిమర్లను గేరు పళ్లు రోజూ నలిపేస్తుంటాయి. అందుకే డబ్బా మీద 40 అని ఉన్నా, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అది 30లాగే పారుతుంది. పైగా లీటరు పట్టే చోట ముప్పావు లీటరే ఉంటే, ఆ కొంచెమే వేడంతా మోయాలి.

లెవెల్ చూడటానికి బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ వేయండి. మూడు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి, ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. స్ప్లెండర్ లాంటి బండ్లలో డిప్‌స్టిక్‌ను బిగించకూడదు, ఊరికే ఆనించాలి. బిగించి చూస్తే లెవెల్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. గీత దాటి పోయడమూ తప్పే, నురగ వస్తుంది. నేను అదే 10డబ్ల్యూ-30 కొత్తది పోయించి, క్లచ్ వైరు సరిచేయించాను. అంతటితో గేర్లు దారికొచ్చాయి.

ఆయిల్ కొత్తదే, లెవెల్ సరిగ్గానే ఉంది, అయినా వేడెక్కాక టాపెట్ సౌండ్ (వాల్వుల దగ్గర టకటక)

చల్లగా ఉన్నప్పుడూ అదే సౌండ్ వస్తే ఆయిల్‌ను అనకండి, టాపెట్ సెట్ చేయించండి. వేడెక్కాకే వస్తే అప్పుడు నంబరు గురించి ఆలోచించాలి. రెండు మిర్చి బస్తాలు కట్టుకుని ఎనుమాముల మార్కెట్‌కు మెల్లగా నడిపే బండికి గాలి తగలదు, ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కు గాలే దిక్కు. రామగుండం, మంచిర్యాల వైపు మధ్యాహ్నం పూట తిరిగేవాళ్లదీ ఇదే బాధ. మాన్యువల్‌లో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏ ఆయిల్ వాడొచ్చో పట్టిక ఉంటే, అది ఒప్పుకున్నంత వరకు ఒక్క మెట్టు ఎక్కండి. 10డబ్ల్యూ-30 వాడే బండికి 10డబ్ల్యూ-40, అది దొరక్కపోతే 20డబ్ల్యూ-40.

20డబ్ల్యూ-50 పోయించాక పికప్ చచ్చింది, మైలేజీ పడిపోయింది

చిక్కటి ఆయిల్ ఇంజిన్‌ను చల్లబరుస్తుందని ఎవరు పుట్టించారో గానీ, అది పొరపాటు. సన్నటి దారుల్లోంచి దాన్ని తోయడానికి పంపు ఎక్కువ కష్టపడాలి, ఆ రాపిడికే ఇంకొంత వేడి పుడుతుంది. చలికాలం పొద్దున స్టార్టింగ్ కూడా బరువవుతుంది. బండికి రాసిన నంబరుకే తిరిగి రండి. 350 సీసీ యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉండేది) రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు కంపెనీ చెప్పిందే 15డబ్ల్యూ-50. దాన్ని చూసి రోజూ తిరిగే చిన్న కమ్యూటర్ బండికి పోయకండి.

రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తోంది, బండి ముందుకు పోవడం లేదు

ముందు క్లచ్ లివర్‌కు కొంచెం లూజు ఉందో లేదో చూడండి. ఉంటే డబ్బా చూడండి. కారు కోసం తెచ్చినదాంట్లో మిగిలింది కదా అని పోశారా? కారు ఆయిల్ చాలావాటిలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, ఆయిల్‌లో మునిగి ఉండే మన క్లచ్ ప్లేట్లు వాటికి జారిపోతాయి. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, అంటే ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందని. తప్పు ఆయిల్ పూర్తిగా దించి సరైనది పోస్తే చాలాసార్లు రెండు మార్పులకల్లా సర్దుకుంటుంది, లేకపోతే ప్లేట్లు మార్చాలి. యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్లకు ఈ గొడవ లేదు. వాటి క్లచ్ పొడిగా ఉంటుంది, జాసోలోనే ఎంబీ రకం ఆయిల్ సరిపోతుంది.

నీలం పొగ, ఆయిల్ తరిగిపోవడం

పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. చిక్కటిది పోస్తే కొన్నాళ్లు పొగ తగ్గినట్టుంటుంది, అంతే. అమ్మాలనుకునేవాళ్లు చేసే పని అది.

ఆయిల్ నల్లబడటం మాత్రం జబ్బు కాదు. మసిని మోసుకు తిరగడం దాని పనే. పాల రంగులోకి మారితే నీళ్లు కలిశాయని అర్థం, ఆ బండిని నడపకుండా షెడ్డుకు తీసుకెళ్లాలి.

కొనేటప్పుడు సీలు మీ చేత్తోనే విప్పండి, మీ కళ్ల ముందే పోయించుకోండి. ఖాళీ డబ్బాను షెడ్డులో వదిలేయకుండా స్క్రూడ్రైవర్‌తో అడుగున పొడిచి పారేయండి. లేకపోతే అదే డబ్బా నకిలీ ఆయిల్‌తో మళ్లీ మీకే అమ్ముడుపోవచ్చు.