అదే సీటు మళ్ళీ ఖాళీ: రిక్రూటర్‌ని పిలిచే ముందు చూసుకోవాల్సినవి

మేనేజర్లు నా దగ్గరికి ఒకే మాట పట్టుకుని వస్తారు: "మనిషి కావాలి, త్వరగా కావాలి." పదకొండేళ్ళుగా రిక్రూటర్‌గా వింటున్నాను. అలా వచ్చేవాటిలో సగానికి పైగా అసలు రిక్రూట్‌మెంట్ సమస్యలే కావు. చిల్లు కుండలో నీళ్ళు పోయమని అడుగుతున్నారంతే. అందుకే ఇప్పుడు ఉద్యోగ ప్రకటన రాసే ముందు, వాళ్ళు చెప్పిన మాటని బట్టి చిల్లు ఎక్కడుందో వెతుకుతాను.

"ఏడాదిలో ఈ సీటు మూడోసారి ఖాళీ అయింది"

ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే సీట్లో నిలవలేదంటే అనుమానించాల్సింది సీటుని. పాత ప్రకటన ఒక పక్కన పెట్టుకోండి. చివరగా వెళ్ళినవారు రోజంతా నిజంగా ఏం చేశారో ఇంకో పక్కన రాయండి. రెండూ పోలకపోతే కారణం దొరికినట్టే. "డేటా విశ్లేషణ" అని చెప్పి చేర్చుకుని, రోజులో నాలుగు గంటలు వేరే టీమ్‌ల వెంటపడి ఫైళ్ళు తెప్పించుకునే పని అప్పగించిన సీటు ఒకటి నాకు తెలుసు. ఆ ప్రకటన రాసింది నేనే.

పరిష్కారం: పనిలో విసుగు పుట్టించే భాగం ఏదో ఇంటర్వ్యూలోనే చెప్పేయండి. ఉద్యోగం గురించి మంచీ చెడూ ముందే చెప్పడం మీద జాన్ వానస్ లాంటి పరిశోధకులు 1970ల నుంచే పనిచేశారు. దీంతో అద్భుతాలేం జరగవు. కొందరు ముందే తప్పుకుంటారు, చేరినవాళ్ళు మొదటి నెలలో మోసపోయామని అనుకోరు. చివరి రౌండ్‌కి వచ్చిన అభ్యర్థిని అదే పని చేస్తున్న వ్యక్తితో ఇరవై నిమిషాలు మాట్లాడనివ్వండి. మేనేజర్ మాత్రం ఆ గదిలో ఉండకూడదు. దీనికి మేనేజర్ ఒప్పుకోకపోతే ఇంకో కారణం కూడా దొరికినట్టే.

"ప్రతి శుక్రవారం థాంక్స్ మెయిల్ పెడుతున్నాం, అయినా వెళ్ళిపోతున్నారు"

ఉద్యోగం మానేసి వెళ్ళేవారితో చివరగా మాట్లాడే ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఒకదానిలో, "మీ పనిని ఎవరూ గుర్తించలేదని అనిపించిందా?" అని అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా బ్యాగులోంచి ఒక ప్రశంసాపత్రం తీసి టేబుల్ మీద పెట్టారు. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, కింద సంతకం, మధ్యలో ఆవిడ పేరు. ఆ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. "రెండేళ్ళయింది. మార్చి ఇస్తామన్నారు" అన్నారు. తర్వాత మడత పడకుండా జాగ్రత్తగా మళ్ళీ బ్యాగులో పెట్టుకున్నారు. అదే నా మనసులో ఉండిపోయింది. గుర్తింపు అక్కర్లేని మనిషైతే ఆ కాగితం ఎప్పుడో చెత్తబుట్టలో ఉండేది.

ఇక్కడ కారణాలు రెండు. అందరికీ కలిపి చెప్పిన థాంక్స్ ఎవరికీ అందదు. మీరు రాసిన మెసేజ్‌లో పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టి చూడండి. అప్పుడూ సరిపోయిందంటే అది ఉత్తుత్తి థాంక్స్. ఏం చేశారు, ఎప్పుడు చేశారు, దానివల్ల ఏమైంది, ఈ మూడూ రాయండి చాలు: "మంగళవారం రాత్రి జీతాల ఫైలు ఆగిపోతే బ్యాంకుతో మాట్లాడింది మీరే. అందరికీ టైముకి జీతాలు పడ్డాయి. థాంక్స్." ఇలా చెప్పడానికి మొహమాటంగా ఉందంటారు చాలామంది మేనేజర్లు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధన ఈ మొహమాటం గురించే. కృతజ్ఞతతో ఉత్తరాలు రాసినవాళ్ళు, అవతలివాళ్ళు ఎంత సంతోషిస్తారో తక్కువగా ఊహించారు, ఎంత ఇబ్బంది పడతారో ఎక్కువగా ఊహించారు.

రెండో కారణం ఇంకా చెడ్డది: ఇవ్వాల్సింది ఇవ్వకుండా థాంక్స్‌తో సరిపెట్టడం. జీతం, పని పరిస్థితులు సరిగ్గా లేకపోతే అసంతృప్తి పుడుతుందని, ఉత్సాహం మాత్రం గుర్తింపు, ఎదుగుదల లాంటి వాటి నుంచి వస్తుందని మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే అన్నాడు. ఆ సిద్ధాంతం మీద తర్వాత విమర్శలు వచ్చాయి కానీ, ఒకటి రెండోదానికి బదులు కాదన్న మాట నా అనుభవంలో ఎప్పుడూ తప్పలేదు. ఇంక్రిమెంట్ ఆగిపోయిన మనిషి చేతిలో థాంక్యూ కార్డు పెడితే పుండు మీద కారం చల్లినట్టే. ముందు బాకీ తీర్చండి, ఆపిన సెలవులు ఇవ్వండి. థాంక్స్ ఆ తర్వాత.

"బాగా పనిచేసే మనిషే, ఈమధ్య తేడాగా ఉంటున్నాడు"

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే తన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ని (పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోవడాన్ని) జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా చేర్చి, మూడు గుర్తులు చెప్పింది: శక్తి అయిపోవడం, పని మీద దూరం లేదా విరక్తి పెరగడం, పని సమర్థంగా చేయలేకపోతున్నామన్న భావన. రెండో గుర్తు దగ్గరే మేనేజర్లు బోల్తా పడతారు. దాన్ని "యాటిట్యూడ్ ప్రాబ్లమ్" అని రాసేస్తారు.

మూడ్ గురించి అడిగే ముందు క్యాలెండర్ చూడండి. చివరి సెలవు ఎప్పుడు? ఆ సెలవులో ఎన్ని ఫోన్లు వెళ్ళాయి? వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి తేల్చాయి. లంచ్ టైములో పెట్టే వెల్‌నెస్ సెషన్ దీనికి మందు కాదు, ఇంకో మీటింగ్ మాత్రమే. ఆ మనిషి దగ్గరున్న పనుల జాబితా తీసి, కనీసం ఒక పనిని పేరు పెట్టి కొట్టేయండి. కొట్టేయడానికి ఏమీ లేదంటే మాత్రం ఇది నిజంగా రిక్రూట్‌మెంట్ సమస్యే, నా దగ్గరికి రండి. రాజీనామా లెటర్ వచ్చాక కాదు, ఇప్పుడే.

"ఆఫర్ ఒప్పుకున్నారు, చేరలేదు"

నోటీస్ పీరియడ్ రెండు మూడు నెలలు ఉంటే ఆ మధ్యలో మీ వైపు నుంచి ఎవరు మాట్లాడారో చూడండి. సాధారణంగా ఎవరూ మాట్లాడి ఉండరు. రెండు వారాలకోసారి కాబోయే మేనేజరే ఫోన్ చేయాలి, ఆటోమేటిక్ మెయిల్ కాదు.

"ఇంత నేర్పించాం, కొంచెమైనా కృతజ్ఞత లేదు"

రాజీనామా వచ్చిన రోజు "తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు" అన్న మేనేజర్లున్నారు. కారణం లెక్కలో ఉంది. జీతం చేసిన పనికి ఇచ్చింది. దాన్ని ఉపకారం కింద రాసుకుంటే ప్రతి రాజీనామా ద్రోహంలాగే కనిపిస్తుంది. ఇలాంటి మేనేజర్లు ఇంటర్వ్యూలో "మా కంపెనీకి ఎంత విధేయంగా ఉంటారు?" అని కూడా అడుగుతుంటారు. ఆ ప్రశ్న తీసేయండి. దాని బదులు "మీరు గర్వపడే పనిలో మీకు ఎవరు సాయం చేశారు?" అని అడగండి. ఎవరు, ఏ పనిలో అన్నది వివరంగా చెప్పేవాళ్ళు టీమ్‌లో ఎలా ఉంటారో కొంత తెలుస్తుంది. కొంతే. బెరుకుతో తడబడేవాళ్ళూ ఉంటారు.

పైవన్నీ చూసినా ఏ తప్పూ దొరకని రాజీనామాలు కూడా ఉంటాయి. ఇల్లు మారుతున్నారు, చదువుకోవాలనుకుంటున్నారు, వేరే పని చూడాలనిపించింది. అక్కడ రిపేరు చేయడానికేమీ లేదు. రిలీవింగ్ లెటర్ చివరి రోజునే చేతికివ్వండి, ఇచ్చే ముందు పేరు స్పెల్లింగ్ ఒకసారి చూసుకోండి.