నడక పరికరాలు ఉచితంగా పొందడం ఎలా? వరంగల్, హనుమకొండ వాసులకు దరఖాస్తు విధానం

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరినవారికి, ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నవారికి, సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే స్థితి) పుట్టిన పిల్లలకు మందులతో పాటు రోజూ సాధన కావాలి. ఆ సాధనకు వాకరో, కాలికి ఊతంగా బిగించే క్యాలిపరో, చంక కర్రలో తోడుండాలి. వీటిని ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుందని తెలియక మన పల్లెల్లో చాలా కుటుంబాలు అప్పు చేసి కొంటున్నాయి. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా మీకు వర్తించే పథకం ఏదో చూసుకోవాలి. దివ్యాంగుల కోసం కేంద్రం 1981 నుంచి సహాయక పరికరాలు ఇచ్చే ఏడీఐపీ పథకాన్ని నడుపుతోంది. దీనికి 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉండాలి. నెలకు రూ.22,500 వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి పరికరం పూర్తిగా ఉచితం. రూ.30,000 వరకు ఉంటే సగం ధర ప్రభుత్వం భరిస్తుంది. అదే అవసరానికి గత మూడేళ్లలో సాయం పొంది ఉండకూడదు. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఎదుగుతుంటారు కాబట్టి వారికి ఈ గడువు ఏడాదే.

అరవై ఏళ్లు దాటినవారికి మరో దారి ఉంది. 2017 ఏప్రిల్‌లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు కూడా ఇస్తారు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు లేదా నెలకు రూ.15,000 మించని ఆదాయం ఉన్నవారు అర్హులు. వయసుతో కాళ్లు పట్టు తప్పిన పెద్దాయనను వైకల్య ధ్రువపత్రం కోసం తిప్పి అలసిపోయేలా చేయకండి, నేరుగా ఈ పథకానికి తీసుకెళ్లండి. వృద్ధుల కోసం 14567 నంబరుతో ఉచిత సహాయవాణి కూడా ఉంది.

బడి వయసు పిల్లలుంటే మొదట మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లాలి. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. పిల్లలకు పరికరాల ఎంపిక శిబిరాల సమాచారం ముందుగా చేరేది వారికే. బిడ్డ పేరు అక్కడ నమోదై ఉంటే మీరు కార్యాలయాల చుట్టూ తిరగాల్సిన పని చాలా వరకు తప్పుతుంది.

వైకల్య ధ్రువపత్రం విషయానికొస్తే, తెలంగాణలో ఏళ్ల తరబడి సదరం అనే వైద్య పరీక్షల శిబిరాల ద్వారానే ఇచ్చారు. ఇప్పుడు దాని స్థానంలో దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు వచ్చింది. మీసేవలో గానీ, కేంద్రం నడిపే స్వావలంబన్ పోర్టల్‌లో సొంతంగా గానీ ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్రతో దరఖాస్తు చేయాలి. తర్వాత చెప్పిన తేదీన ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు. పసుపు రంగు కార్డు 40 నుంచి 80 శాతం లోపు వైకల్యానికి, నీలం రంగు కార్డు 80, ఆపై శాతానికి గుర్తు. పాత సదరం పత్రం ఉన్నవారు తమ వివరాలు కొత్త పోర్టల్‌లోకి చేరాయో లేదో పరికరాల ఎంపిక శిబిరానికి ముందే చూసుకోవడం మేలు.

దరఖాస్తు జిల్లా సంక్షేమాధికారి కార్యాలయంలో ఇవ్వాలి. ఇక్కడే మనవాళ్లు తికమక పడుతున్నారు. 2021లో జిల్లాల పేర్లు, హద్దులు మారాయి. పరకాల, ఆత్మకూరు, శాయంపేట మండలాలవారు హనుమకొండ జిల్లా కిందికి వస్తారు. ఖిలా వరంగల్ మండలం వరంగల్ జిల్లాలో ఉంది. ఆధార్‌లో పాత జిల్లా పేరు ఉన్నా మండలాన్ని బట్టి వెళ్లండి. ఆధార్, యూడీఐడీ కార్డు (వయోశ్రీకి వెళ్లే పెద్దలకు ఇది అక్కర్లేదు), తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, రెండు ఫొటోలు, వీటన్నిటి నకళ్లు దగ్గర పెట్టుకోండి. ఇవ్వగానే రసీదు అడిగి తీసుకోండి.

తర్వాత జరిగే ఎంపిక శిబిరమే అన్నిటికన్నా ముఖ్యం. కాన్పూర్‌లో 1972లో ఏర్పాటైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో నిపుణులు వచ్చి కొలతలు తీసుకుంటారు. పరికరం ఆ రోజే చేతికి రాదు, పంపిణీ శిబిరం మరో రోజు పెడతారు. కాగితాలు పంపి మనిషిని ఇంట్లో ఉంచితే కొలతలు ఎవరివి తీయాలి? ఎంత కష్టమైనా పరికరం వాడే మనిషినే తీసుకెళ్లండి. ఫిజియోథెరపిస్టు రాసిచ్చిన చీటీ ఉంటే తప్పకుండా చూపించండి.

చాలామంది శిబిరంలో చక్రాల కుర్చీయే అడుగుతారు. పెద్ద వస్తువు కాబట్టి అదే మంచిదనుకుంటారు. కానీ పక్షవాతం తర్వాత అడుగు ఎత్తినప్పుడు పాదం కిందికి వాలిపోవడమే సమస్య అయితే, చీలమండకు బిగించే పట్టీతో, నాలుగు కాళ్ల చేతికర్రతో నడవగలిగే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టినట్టవుతుంది. అది ఆ మనిషికి అన్యాయం. నడిచే అవకాశం కొంచెమున్నా నడిపించే పరికరమే అడగండి.

కాలు తీసేసినవారు పుండు పూర్తిగా మానాక, వాపు తగ్గాక కొలతలకు రావాలి. ఈలోగా మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునే అలవాటు మానాలి. అలా ఉంటే కీలు వంగినట్టే బిగుసుకుపోతుంది, కృత్రిమ కాలు అమర్చడం కష్టమవుతుంది.

పరికరం ఇచ్చేటప్పుడు సంతకం పెట్టే ముందే వాడి చూడాలి. చంక కర్ర పై అంచుకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, బరువు అరచేతుల మీద పడాలి గానీ చంకలో కాదు. చంకలో పడితే నరాలు నొక్కుకుపోయి చేతులు తిమ్మిరెక్కుతాయి. చేతికర్ర పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి, మోచేయి కాస్త వంగాలి. కర్రను బలహీనమైన కాలికి ఎదురు వైపు చేతిలో పట్టుకోవాలి. కుర్చీలో కూర్చున్నప్పుడు తుంటికి రెండు పక్కలా అంగుళం చొప్పున ఖాళీ చాలు. కింది రబ్బరు తొడుగులు అరిగితే వెంటనే మార్చండి, తడి నేల మీద జారిపడేది వాటివల్లే.

కరెంటు చికిత్స యంత్రాలు, మెడ, నడుము లాగిపట్టే ట్రాక్షన్ బల్లలు ఈ పథకాల కింద ఇవ్వరు. వాటి కోసం ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగానికే వెళ్లాలి. ఇక మూడు చక్రాల మోటారు వాహనం కావాలంటే రాష్ట్ర వికలాంగుల సహకార సంస్థ ప్రకటన ఇచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో విడిగా దరఖాస్తు చేయాలి.

కొలతలు ఇచ్చి నెలలు గడిచినా కబురు రాకపోతే రసీదు నకలు తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లండి. అర్జీలో ఎంపిక శిబిరం తేదీ, రసీదు నంబరు, అడిగిన పరికరం పేరు, పనిచేసే ఫోను నంబరు రాయండి.